మందుల వల్ల రక్తస్రావం మొదలైతే: కారణాన్ని తేదీలతో పట్టుకోవడం ఎలా

పుట్టుకతో ఏ రక్తదోషమూ లేని మనిషికి, నిన్నమొన్నటి దాకా చిన్న గాయమైతే కొద్ది నిమిషాల్లో దానంతటదే రక్తం ఆగిపోయిన మనిషికి, ఉన్నట్టుండి పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం రావడం, దెబ్బ తగిలిన జ్ఞాపకమే లేకుండా తొడల మీద నీలం మచ్చలు తేలడం మొదలైతే, ముందుగా అనుమానించాల్సిన వాటిలో ఇటీవల వాడిన మందు ఒకటి. రక్త పరీక్షలు డాక్టరు చేతిలో ఉంటాయి గానీ, ఏ మాత్ర ఏ రోజున మొదలైంది, ఏది మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది, ఎవరికీ చెప్పకుండా వేసుకున్న నొప్పి మాత్ర ఏది అన్న సమాచారం రోగి దగ్గర, ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రమే ఉంటుంది. మందుల వల్ల వచ్చే రక్తస్రావంలో చాలా రకాలకు తమవైన కాలవ్యవధులు ఉన్నందువల్ల, మందుల తేదీలనూ రక్తస్రావం తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానితుల సంఖ్య వెంటనే తగ్గిపోతుంది. ఆ పట్టీని ఎలా తయారు చేసుకోవాలో, దాన్ని ఎలా చదవాలో, ఆ తర్వాత ఏ మందును ఆపవచ్చో, దేన్ని సొంతంగా ఆపితే ప్రాణాపాయమో ఇక్కడ వివరిస్తున్నాను.

అయితే పట్టీ రాయడానికి సమయం లేని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడుతున్న వ్యక్తి తలకు దెబ్బ తగిలితే, బయటికి గాయం కనిపించకపోయినా, మనిషి మామూలుగానే మాట్లాడుతున్నా, ఆసుపత్రికి వెళ్లి తల స్కాన్ అవసరమో కాదో తేల్చుకోవాలి. హఠాత్తుగా మొదలైన తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక కాలో చెయ్యో పట్టు తప్పడం మెదడులో రక్తస్రావానికి గుర్తులు కావచ్చు. వాంతిలో రక్తం, తారులా నల్లగా జిగటగా దుర్వాసనతో మలం, మూత్రంలో రక్తం, గంట గంటకూ ప్యాడ్ తడిసిపోయేంత నెలసరి రక్తస్రావం, నోటి లోపల బుగ్గల మీద నల్లటి రక్తపు పొక్కులు కూడా ఇదే కోవకు చెందుతాయి. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుందన్నది నిజమే గానీ, కళ్లు తిరుగుతున్నా నీరసంగా ఉన్నా ఆ సమాధానంతో సరిపెట్టుకోకూడదు. ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నిటినీ ఒక సంచిలో వేసుకుని అత్యవసర విభాగానికి బయలుదేరడమే చేయవలసిన పని.

ముక్కు నుంచి రక్తం కారుతున్నప్పుడు తల వెనక్కి వాల్చే అలవాటు చాలామందికి ఉంది. అది తప్పు. రక్తం గొంతులోకి జారి వాంతి అవుతుంది, ఎంత పోయిందో కూడా తెలియదు. కూర్చుని, తలను కాస్త ముందుకు వంచి, ముక్కు ఎముక కింద ఉండే మెత్తటి భాగాన్ని వేళ్లతో గట్టిగా మూసి, మధ్యమధ్యలో వదిలి చూడకుండా పది పదిహేను నిమిషాలు పట్టుకోవాలి. ఇలా రెండోసారి పట్టుకున్నా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మచ్చ చెప్పే సంగతి

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మచ్చలను వెలుతురులో నిదానంగా పరిశీలించండి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు వచ్చే చుక్కలు గుండుసూది తలంత ఉంటాయి, ఎర్రగానో ఊదాగానో ఉంటాయి, చర్మం కంటే ఎత్తుగా ఉండవు, దురద పెట్టవు. ఇవి ఎక్కువగా మోకాళ్ల కింద, చీలమండల చుట్టూ, సాక్సు సాగుడు పట్టీ ఒత్తుకున్న గీత వెంబడి, బిగుతు దుస్తుల అంచుల దగ్గర కనిపిస్తాయి. పారదర్శకమైన గాజు గ్లాసు పక్కభాగాన్ని చుక్కల మీద పెట్టి నొక్కి, గాజులోంచి చూడండి. మామూలు దద్దురైతే నొక్కిన చోట తెల్లబడి మాయమవుతుంది, చర్మంలోకి కారిన రక్తమైతే ఎంత నొక్కినా రంగు మారదు. ఈ చుక్కలకు తోడు జ్వరమూ మెడ బిగుసుకుపోవడమూ ఉంటే అది మందుల వ్యవహారం కాకపోవచ్చు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు తగ్గినప్పుడు కనిపించే తీరు వేరు. చుక్కలు తక్కువ, అరచేతి వెడల్పున పరుచుకునే పెద్ద కమిలిన మచ్చలు ఎక్కువ. కండరంలో నొప్పితో కూడిన గట్టి వాపు రావచ్చు, పన్ను పీకించుకున్నాక ముందు ఆగిన రక్తం కొన్ని గంటల తర్వాత మళ్లీ మొదలుకావచ్చు. ఈ రెండింటికీ చెందని మూడో రకం కూడా ఉంది. స్టెరాయిడ్ మాత్రలు గానీ గాఢమైన స్టెరాయిడ్ పూతలు గానీ దీర్ఘకాలం వాడినవారికి ముంజేతుల మీద, చేతుల వెనుక భాగంలో ఊదా రంగు మరకలు వస్తుంటాయి. అక్కడ చర్మం కాగితంలా పలచబడి రక్తనాళాలకు ఆసరా తగ్గింది గానీ రక్తంలో లోపం లేదు, పరీక్షలన్నీ సరిగ్గానే ఉంటాయి.

పట్టీ రాసే పద్ధతి

ఒక కాగితం మీద ఎడమ వైపు మందులు, కుడి వైపు రక్తస్రావం వివరాలు రాయండి. ప్రతి మందుకూ దాని అసలు పేరు, మోతాదు, ఏ జబ్బు కోసం రాశారు, మొదటి మోతాదు తేదీ, చివరి మోతాదు తేదీ, మధ్యలో మోతాదు మారితే ఆ తేదీ, గతంలో ఎప్పుడైనా ఇదే మందు వాడారా అన్నవి ఉండాలి. కంపెనీ పెట్టిన పేరు కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరే ముఖ్యం, ఎందుకంటే ఒకే మందు అనేక పేర్లతో అమ్ముడవుతుంది, ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. జలుబు మాత్ర అనుకున్నదాంట్లో ఆస్పిరిన్, ఒళ్లు నొప్పుల మాత్ర అనుకున్నదాంట్లో ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ బయటపడటం చాలా మామూలు.

కనీసం గత మూడు నెలలు వెనక్కి వెళ్లండి. మందుల చీటీలు, బిల్లులు, డిశ్చార్జి సారాంశాలు చూస్తే జ్ఞాపకంలో లేని తేదీలు దొరుకుతాయి. రోజూ వేసుకునే బీపీ మాత్రను అందరూ చెబుతారు. ఒక్కసారే వేసుకున్న మాత్ర, ఐదు రోజుల్లో ముగిసిన యాంటీబయాటిక్, ఆసుపత్రిలో ఉండగా ఎక్కించిన ఇంజక్షన్లు, మూలికా మందులు, చేపనూనె, జింకో, వెల్లుల్లి గుళికలు, అధిక మోతాదు విటమిన్ ఇ లాంటివి మాత్రం మందులుగా లెక్కలోకే రావు. మలేరియా మందు క్వినైన్ కలిసిన టానిక్ వాటర్ అనే పానీయం కూడా కొందరిలో ప్లేట్‌లెట్లను పడగొట్టగలదు, కనుక అప్పుడప్పుడు తాగినా అది పట్టీలో ఉండాల్సిందే.

కుడి వైపున మొదటి మచ్చ కనిపించిన రోజు, ఎక్కడ కనిపించింది, ఎంత పెద్దది, చిగుళ్లు, ముక్కు, నెలసరి, మలమూత్రాల్లో వచ్చిన మార్పులు రాయండి. మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తే మరుసటి రోజు పెరిగిందో లేదో తెలుస్తుంది. పాత రక్త పరీక్షల్లోని ప్లేట్‌లెట్ సంఖ్యలను వాటి తేదీలతో సహా చేర్చండి. ఆరు నెలల కిందట 2,60,000 ఉన్న సంఖ్య ఇప్పుడు 9,000 అయిందంటే దాని అర్థం ఒకటి, పదేళ్లుగా 1,10,000 దగ్గరే నిలకడగా ఉందంటే దాని అర్థం మరొకటి.

పట్టీ పూర్తయితే ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఎడమ వైపు: బీపీకి ఆమ్లోడిపిన్, నాలుగేళ్లుగా, మోతాదు మారలేదు. మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు సల్ఫా రకం యాంటీబయాటిక్ కో-ట్రైమాక్సజోల్, 3వ తేదీ నుంచి. నడుము నొప్పికి ఐబుప్రొఫెన్, 10న ఒకటి, 11న ఒకటి. కుడి వైపు: 11వ తేదీ ఉదయం కాళ్ల మీద చుక్కలు, రాత్రికి చిగుళ్ల నుంచి రక్తం, 12న ప్లేట్‌లెట్లు 8,000. చుక్కలు కనిపించడానికి ముందు రోజే వేసుకున్నారు కాబట్టి చూడగానే కళ్లు ఐబుప్రొఫెన్ మీదే పడతాయి. కానీ సాధారణంగా ఐబుప్రొఫెన్ ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటుందే తప్ప సంఖ్యను ఇంతగా పడగొట్టదు, ఎనిమిది రోజుల కిందట మొదలైన కో-ట్రైమాక్సజోలే బలమైన అనుమానితుడు. ఐబుప్రొఫెన్ చేసిన పని ఉన్న కొద్దిపాటి ప్లేట్‌లెట్లను కూడా మందగింపజేయడం.

తేదీలను చదవడం

గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో రక్తస్రావ స్వభావం పెరిగిందంటే ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకునే మందులను చూడాలి. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేనందువల్ల కొత్త ఎంజైమును తయారు చేసుకోలేదు, కాబట్టి ఒక చిన్న మాత్ర ప్రభావం కూడా ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లు, అంటే 7 నుంచి 10 రోజులు, దాన్ని వదలదు. ఐబుప్రొఫెన్ ప్రభావం తాత్కాలికం, సుమారు ఒక రోజులో పోతుంది, న్యాప్రొక్సెన్‌ది ఇంకాస్త ఎక్కువ కాలం ఉంటుంది. గుండె రోగులకు రాసే క్లోపిడోగ్రెల్ కూడా ఆస్పిరిన్ లాగే తిరిగిరాని మార్పు చేస్తుంది. ఫ్లూఒక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్ మందులు ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ నిల్వను తగ్గిస్తాయి. అవి ఒక్కటే ఉంటే పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు గానీ, వాటికి నొప్పి మాత్ర తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు స్పష్టంగా పెరుగుతుంది.

కొత్త మందు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా 20,000 కంటే కిందికి పడిపోతే, ఆ మందు సమక్షంలో మాత్రమే ప్లేట్‌లెట్లకు అతుక్కునే యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) తయారై ఉంటాయన్నది మొదటి అనుమానం. ఈ కథలో అన్నిటికంటే పాత పాత్ర క్వినైన్. దానివల్ల చర్మంలో రక్తపు మచ్చలు వస్తాయని 1865లోనే వైద్య పత్రికలో నమోదైంది. కో-ట్రైమాక్సజోల్, వాంకోమైసిన్, రిఫాంపిసిన్, పిపరాసిలిన్, సెఫ్ట్రియాక్సోన్, కార్బమజెపిన్, ఫెనిటాయిన్ ఈ జాబితాలో తరచూ కనిపించేవి. ఇదే మందును గతంలో వాడి ఉంటే వారం రోజులు కూడా పట్టదు, యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి గనుక కొన్ని గంటల్లోనే సంఖ్య కుప్పకూలవచ్చు. పట్టీలో ‘గతంలో వాడారా’ అన్న గడి పెట్టుకోమన్నది ఇందుకే. మరోవైపు, ఏళ్ల తరబడి రోజూ వాడుతున్న మందు హఠాత్తుగా ఇలా చేయడం అరుదు.

ఇలా కాకుండా సంఖ్య నెమ్మదిగా, రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గుతుంటే ఎముక మజ్జ ఉత్పత్తి మందగించిందేమో చూడాలి. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ రెండు వారాలకు మించి వాడినప్పుడు ఇది తరచూ కనిపిస్తుంది. క్యాన్సర్ కీమోథెరపీలో చాలా మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య సంఖ్య అట్టడుగుకు చేరుతుంది, కాబట్టి అక్కడ అది ముందే ఊహించిన విషయం. మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ మోతాదు పెరిగేకొద్దీ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కొందరిలో గడ్డకట్టించే ప్రొటీన్లలో ఒకటైన ఫైబ్రినోజెన్ కూడా తగ్గుతుంది.

ఇక రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషుల చికిత్సకు అనుమతి పొందిన ఈ మందు విషయంలో నేరం చాలాసార్లు వార్ఫరిన్‌ది కాదు, దాని పక్కన కొత్తగా చేరినదాన్ని అనుమానించాలి. వార్ఫరిన్ విటమిన్ కె మీద ఆధారపడే 2, 7, 9, 10 సంఖ్యల గడ్డకట్టించే కారకాల తయారీని అడ్డుకుంటుంది, ఆ అడ్డు ఎంత బలంగా ఉందో ఐఎన్ఆర్ అనే సంఖ్య చెబుతుంది, చాలామందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. సంవత్సరాల తరబడి 2.5 దగ్గర నిలకడగా ఉన్న మనిషికి పంటి చీముకు మెట్రోనిడజోల్ రాస్తారు, లేదా ఫంగస్‌కు ఫ్లూకొనజోల్, లేదా గుండె లయకు అమియోడరోన్. కాలేయంలో వార్ఫరిన్ విచ్ఛిన్నం మందగించి, మోతాదు మార్చకపోయినా ఐఎన్ఆర్ కొద్ది రోజుల్లోనే 6, 7 దాటవచ్చు. అమియోడరోన్ అయితే వారాల తరబడి నెమ్మదిగా పెంచుతూ పోతుంది. విరేచనాలు, తిండి తినకపోవడం కూడా ఇదే పని చేస్తాయి. అందువల్ల వార్ఫరిన్ వాడేవారు పట్టీలో వార్ఫరిన్ మొదలైన తేదీ కంటే గత నెలలో కొత్తగా చేరినదీ ఆగినదీ ఏమిటో జాగ్రత్తగా రాయాలి. ఆగినది ఎందుకంటే, రిఫాంపిసిన్ లాంటి మందు వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకుని పెంచిన మోతాదు రిఫాంపిసిన్ ఆపేశాక అధికమైపోతుంది.

రక్తం గడ్డకట్టకుండా చేసే ఇతర మందులైన డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ వాడేవారికి ప్రశ్న మూత్రపిండాల గురించి. ముఖ్యంగా డాబిగాట్రాన్‌లో సుమారు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి, కనుక తీవ్రమైన వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటే అదే మోతాదు రక్తంలో పేరుకుపోతుంది. రోజుల తరబడి తిండి లేకుండా సెఫోపెరజోన్ వంటి యాంటీబయాటిక్ మీద ఉన్న రోగులకు వార్ఫరిన్ లేకుండానే విటమిన్ కె లోపం వచ్చి రక్తస్రావం కావచ్చు.

వృద్ధుల్లో ఏ దెబ్బా లేకుండా శరీరమంతా పెద్ద పెద్ద కమిలిన మచ్చలు వస్తే, 8వ కారకానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టే అరుదైన జబ్బును కూడా మనసులో ఉంచుకోవాలి. పెన్సిలిన్లు, ఫెనిటాయిన్, ఇంటర్‌ఫెరాన్ వంటి మందుల తర్వాత ఇది వచ్చిన సందర్భాలున్నాయి గానీ సుమారు సగం మందిలో ఏ కారణమూ దొరకదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజక్షన్ హెపారిన్ వీటన్నిటికీ విరుద్ధం. మొదలైన 5 నుంచి 10 రోజుల్లో ప్లేట్‌లెట్లు సగానికి పైగా తగ్గినా, అక్కడ భయం రక్తస్రావం గురించి కాదు, కాళ్లలో ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టడం గురించి. ఇటీవల ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి సంఖ్య తగ్గిందంటే హెపారిన్ ఇచ్చారా అని డిశ్చార్జి కాగితంలో తప్పక చూడాలి.

ఏది ఆపవచ్చు, ఏది ఆపకూడదు

డాక్టరు రాయకుండా సొంతంగా వేసుకుంటున్న నొప్పి మాత్రలు, మూలికా గుళికలు, పోషక గుళికలు రక్తస్రావం కనిపించిన క్షణమే ఆపవచ్చు. నొప్పికీ జ్వరానికీ ప్యారాసిటమాల్ ప్లేట్‌లెట్లను ఇబ్బంది పెట్టదు. అయినా వార్ఫరిన్ మీద ఉన్నవారు దాన్ని కూడా వరుసగా కొన్ని రోజులు వాడితే ఐఎన్ఆర్ పెరగవచ్చు, కాబట్టి చెప్పి వాడాలి.

డాక్టరు రాసిన మందుల్లో మూడు రకాలను ఫోనులోనైనా అడగకుండా ఆపకూడదు. గుండెకు స్టెంటు వేసినవారి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటులో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. కృత్రిమ కవాటం ఉన్నవారి వార్ఫరిన్ ఆపితే పక్షవాతం రావచ్చు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఎడతెగని మూర్ఛలు రావచ్చు. చిగుళ్ల నుంచి నాలుగు చుక్కల రక్తం వచ్చిందని భయపడి వీటిని ఆపేయడం, రక్తస్రావం కంటే పెద్ద ప్రమాదాన్ని ఇంట్లోకి పిలవడమే అవుతుంది. అలాగని వాటిని తాకకూడదనీ కాదు. అనుమానం బలంగా ఉంటే డాక్టరు అదే రోజు మరో మందుకు మార్చగలరు, ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు మార్చి తీరాలి.

పరీక్షల ఫలితాలు చేతికొచ్చినప్పుడు

మొదట వచ్చేది ప్లేట్‌లెట్ సంఖ్య. మామూలు పరిధి మైక్రోలీటరుకు 1,50,000 నుంచి 4,50,000. 50,000 పైన ఉంటే శస్త్రచికిత్సో గాయమో లేకుండా పెద్దగా రక్తస్రావం కాదు, 10,000 కిందికి వస్తే దానంతటదే రక్తం కారే ముప్పు ఉంటుంది. ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేకుండా సంఖ్య బాగా తక్కువ వస్తే, నమూనా గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇడిటిఎ అనే రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి యంత్రం లెక్క తప్పిందేమో చూడమని అడగండి. స్లైడు మీద చూసినా, సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసినా విషయం తేలిపోతుంది.

పీటీ, ఏపీటీటీ అన్నవి రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే రెండు పరీక్షలు. పీటీ మాత్రమే పెరిగితే వార్ఫరిన్ వైపో, విటమిన్ కె లోపం వైపో, కాలేయం వైపో చూస్తారు. ఏపీటీటీ మాత్రమే పెరిగితే హెపారిన్‌ను లెక్కలోకి తీసుకున్నాక, రోగి ప్లాస్మాను ఆరోగ్యవంతుల ప్లాస్మాతో కలిపి మళ్లీ చూస్తారు. కలిపినా సరికాకపోతే అడ్డుపడే యాంటీబాడీ ఉందని అనుమానించాలి. వీటికి తోడు ఫైబ్రినోజెన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్షలు అవసరమవుతాయి. అన్నీ మామూలుగా ఉన్నాయన్న కాగితం చూసి మందును నిర్దోషిగా తేల్చేయకూడదు. ఆస్పిరిన్, నొప్పి మాత్రల వల్ల అయ్యే రక్తస్రావంలో ఇవన్నీ మామూలుగానే ఉంటాయి, అపిక్సబాన్ వంటి మందుల ప్రభావాన్ని పీటీ, ఏపీటీటీ పట్టుకోలేకపోవచ్చు. అక్కడ మళ్లీ మీ పట్టీయే దిక్కు.

ఆపిన తర్వాత

యాంటీబాడీ రకం అయితే మందు ఒంట్లోంచి వెళ్లిపోగానే ఒకటి రెండు రోజుల్లో సంఖ్య పెరగడం మొదలై, సాధారణంగా వారం రోజుల్లో మామూలుకు వస్తుంది. మూత్రపిండాలు సరిగ్గా లేనివారికి ఇంకా ఎక్కువ పడుతుంది. వార్ఫరిన్ ఆపినప్పుడు ఐఎన్ఆర్ తనంతట తాను దిగడానికి సుమారు ఐదు రోజులు పడుతుంది, రక్తస్రావం ఉంటే అంతకాలం ఆగరు, విటమిన్ కె, గడ్డకట్టించే కారకాల సాంద్ర మిశ్రమం ఇస్తారు. ఈ రోజుల్లో మెత్తటి బ్రష్షు, ఎలక్ట్రిక్ షేవరు వాడండి, కండరంలోకి ఇచ్చే ఇంజక్షన్లు వద్దని నర్సుకు చెప్పండి. ప్రతి పరీక్ష ఫలితాన్నీ పట్టీలో కుడి వైపు చేరుస్తూ పోండి.

అనుమానించిన మందు ఆపి రెండు వారాలైనా సంఖ్య పెరగలేదంటే, నిలబెట్టిన ముద్దాయి తప్పు అయి ఉండవచ్చు. రోగనిరోధక వ్యవస్థ తనంతట తానే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు, కాలేయ జబ్బు, మజ్జ జబ్బు, వైరస్ ఇన్‌ఫెక్షన్లు అప్పుడు పరిశీలనకు వస్తాయి. ఒక మందే కారణమని గట్టిగా చెప్పాలంటే అది వాడటం మొదలుపెట్టాకే సంఖ్య పడి ఉండాలి, ఆపాక పూర్తిగా కోలుకుని అలాగే నిలబడాలి, అప్పుడు వాడిన మిగతా మందులు కొనసాగినా సంఖ్య మళ్లీ పడకూడదు, ఇతర కారణాలేవీ ఉండకూడదు. అదే మందు మళ్లీ వేసుకుని నిరూపించే ప్రయత్నం ఇంట్లో ఎవరూ చేయకూడదు.

కారణం తేలాక మందు అసలు పేరు, వాడిన తేదీలు, ప్లేట్‌లెట్లు పడిపోయిన అత్యల్ప సంఖ్య, కోలుకున్న తేదీ ఒక కార్డు మీద డాక్టరు చేత రాయించుకోండి. ‘సల్ఫా పడదు’ అన్న ఒక్క ముక్క సరిపోదు, దాన్ని చదివినవారు దురద అనుకుంటారు. ఈ యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉండిపోగలవు, కాబట్టి ఆ మందును జీవితాంతం వాడకూడదు, క్వినైన్ అయితే దాన్ని పోలిన క్వినిడిన్ అనే మందుకూ టానిక్ వాటర్‌కూ అదే నియమం. కార్డు ఫోటో ఇంట్లో మరొకరి ఫోనులో కూడా ఉంచండి. పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు, కొత్త డాక్టరు యాంటీబయాటిక్ రాసేటప్పుడు, వాళ్లు అడిగే దాకా ఆగకుండా మీరే చూపించండి.